సెల్ఫ్ తిరుగుతాంది, బండి లేస్తలేదు

రమేశ్ తాళం తిప్పాడు. సెల్ఫ్ జోరుగా తిరిగింది. కుర్ కుర్ కుర్ అని వాడకట్టు మొత్తానికి వినబడేలా తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. బండి ముందు కొట్టిన కొబ్బరికాయ నీళ్లు ఇంకా ఆరనే లేదు. చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు గుండ్రంగా, క్షేమంగా ఉన్నాయి. వాటిని తొక్కుకుంటూ పోవలసిన బండి అంగుళం కూడా కదల్లేదు.

"ఇంకోపారి తిప్పు" అంది అతని తల్లి పోశవ్వ, హారతి పళ్లెం చేతిలోనే పట్టుకొని.

తిప్పాడు. మళ్లీ అదే కుర్ కుర్. మళ్లీ అదే మౌనం.

"మంచిగనే మొత్తుకుంటాంది కదరా! మరి పోదేంది?"

"గదే నాక్కూడ తెలుస్తలేదవ్వా" అన్నాడు రమేశ్.

నిజానికి అది ఇలా మొండికేసే బండి కాదు. ముసలిదే, ఒప్పుకోవాల్సిందే. కోరుట్లలో ఒక కూరగాయల వ్యాపారి దగ్గర కొన్న డీజిల్ పికప్. కాగితాల్లో దాని రంగు తెలుపు అని ఉంటుంది గానీ, ఏ వైపు నుంచి చూసి ఆ మాట రాశారో ఇప్పుడు చెప్పడం కష్టం. తలుపు గట్టిగా వేస్తే అద్దం కిందికి జారుతుంది. హారన్ కొడితే వైపర్ ఒకసారి ఊగుతుంది. ఇన్ని రోగాలున్నా ఇంజను మాత్రం గట్టిది. నిన్న సాయంత్రం దాకా తాళం తిప్పడమే ఆలస్యం, దడదడమని లేచి కూర్చునేది. పోయి పోయి ఇవాళే దానికి నిద్ర ముంచుకొచ్చింది.

ఇవాళ ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. రమేశ్ మస్కట్‌లో చాలా ఏళ్లు ట్రక్కు నడిపాడు. కూతురు కళ్యాణికి తండ్రి అంటే ఫోనులో ఉండే మనిషి. ఈసారి అతను సెలవు మీద వచ్చి వాకిట్లోనే మంచం మీద కూర్చొని ఉంటే, ఆ పిల్ల తాను వేసిన ముగ్గు చూపించడానికి లోపలికి పోయి ఫోను తెచ్చింది. ఇంట్లో అందరూ నవ్వారు. రమేశ్ కూడా నవ్వాడు. తర్వాత పెరట్లోకి పోయి చాలాసేపు మొహం కడుక్కున్నాడు. ఆ రోజే అతనికి ఇక ఇక్కడే ఉండిపోవాలని బలంగా అనిపించింది.

అనిపిస్తే సరిపోదు కదా, ఉండాలంటే పని కావాలి. సిరిసిల్లలో మరమగ్గాలున్న సమ్మయ్య అనే ఆసామికి వారం వారం బట్ట బేళ్లు కోరుట్ల, జగిత్యాల దుకాణాలకు చేరవేసే బండి కావాలట. "ఇయ్యాల పొద్దుగాల్ల రా, ఒక లోడ్ కొట్టు, చూద్దాం" అన్నాడు. ఇంకోపక్క జగిత్యాలలో ఏజెంటు శ్రవణ్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మస్కట్‌లో పాత కంపెనీయే మళ్లీ పిలుస్తున్నది. ఇవాళ పాస్‌పోర్టు తెచ్చిస్తే సరి, లేదంటే ఆ వీసా ఇంకొకరికి పోతుంది. సిరిసిల్ల కిరాయి దొరికితే ఉంటాను, దొరక్కపోతే పోతాను అని రమేశ్ ఇంట్లో తేల్చి చెప్పేశాడు. అంటే అతను ఉండడమా, పోవడమా అన్నది ఇప్పుడు ఈ ముసలి ఇంజను చేతిలో ఉంది. అదేమో నోరు మెదపడం లేదు.

రమేశ్ దిగి బానెట్ ఎత్తాడు. ఎత్తాడు గానీ, ఎత్తి ఏం చూడాలో అతనికి తెలియదు. నడపడంలో అతను దిట్ట. ఇసుక తుఫానులో కూడా ట్రక్కును గీత తప్పకుండా నడిపిన మనిషి. కానీ అక్కడ బండి ఆగితే కంపెనీకి ఫోన్ చేయాలి, నీడ చూసుకొని కూర్చోవాలి. ఇన్నేళ్లలో అతను నేర్చుకున్న మెకానిజం అంతే.

లోపల ఇంజను పెళ్లికూతురిలా ఉంది. పొద్దున నూనె, నీళ్లు చూసి, బానెట్ అలాగే ఎత్తి ఉంచి అతను స్నానానికి పోయినప్పుడు పోశవ్వ తన పని కానిచ్చింది. గాలి ఫిల్టర్ డబ్బాకు బొట్టు, బ్యాటరీకి బొట్టు, రేడియేటర్ మీద బంతిపువ్వు. ఇంకా లోపల, పైపుల మధ్య, పసుపు కొమ్ముతో కంకణం. పెళ్లిళ్లలో రోలుకూ రోకలికీ కట్టినట్టే కట్టింది. వాకిట్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది కాబట్టి కొమ్ములకేం కరువు లేదు, ఉన్నవాటిలో లావుదే ఏరి కట్టింది. రమేశ్ ఆ కంకణాన్ని వేలితో తాకి కళ్లకు అద్దుకున్నాడు. తర్వాత బ్యాటరీ వైర్లు ఊపి చూశాడు. గట్టిగానే ఉన్నాయి.

ఈలోపు వాడకట్టు సగం అక్కడే ఉంది. ఆగిన బండిని చూస్తే మన జనానికి ఎక్కడలేని దయ పుట్టుకొస్తుంది. ఒకరు బ్యాటరీ అన్నారు. ఒకరు దిష్టి అన్నారు. తోస్తే లేస్తుంది అన్నవాళ్లే ఎక్కువ. సరే అని అందరూ కలిసి బండిని సందు చివరిదాకా తోశారు. నిమ్మకాయలు అప్పుడు నలిగాయి. గేరు వేసి క్లచ్ వదిలితే బండి ఎక్కిళ్లు పెట్టినట్టు ఎగిరెగిరి పడింది తప్ప లేవలేదు. మళ్లీ అందరూ కలిసి వెనక్కి తోసుకొచ్చారు. చెమటలు కారాయి, ఉత్సాహం మాత్రం తగ్గలేదు.

"సెల్ఫ్ తిరిగే బండిని తోసుడేందిరా?" అన్న గొంతు వినిపించి అందరూ పక్కకు జరిగారు.

వచ్చింది మదన్ మోహన్ రావు. ఒకప్పుడు ఊరి దొరల ఇంటి మనిషి. ఇప్పుడు అందరిలాగే పసుపు పండిస్తాడు, కోరుట్లలో ఎరువుల దుకాణం చూసుకుంటాడు. కుర్రతనంలో ఆయనకొక పాత జీపు ఉండేది. అది నడిచిందానికంటే ఆగిందే ఎక్కువ. అందుకని ఆగిన బండ్ల గురించి ఆయనకు బాగా తెలుసు.

"రమేశూ, ఇటు చూడు. సెల్ఫ్ తిరుగుతాందా?"

"తిరుగుతాంది సార్."

"జోరుగ తిరుగుతాందా, ఈడ్సుకుంట తిరుగుతాందా?"

"జోరుగనే."

"అయితే బ్యాటరీ మంచిగున్నది. ఇగ దాని జోలికి పోకు. డీజిల్ బండికి కావల్సింది రెండే. గాలి, డీజిల్. ముందుగాల గాలి సంగతి చూడు."

గాలి ఫిల్టర్ విప్పారు. దుమ్ము దులిపారు, అంతకుమించి తప్పేమీ లేదు. ట్యాంకులోకి వెదురుపుల్ల పెట్టి చూశారు. డీజిల్ పైదాకా ఉంది. అప్పుడు రావు ధోవతి అంచు పైకి చెక్కుకొని, డీజిల్ ఫిల్టర్ చూపించి, దాని మీద చేత్తో కొట్టే చిన్న పంపు ఒకటుంటుంది, కొట్టమన్నాడు. రమేశ్ కొట్టాడు. ఫిల్టర్ మరను కొంచెం వదులు చేస్తే డీజిల్ బుసబుసా పొంగింది. నురగ లేదు, బుడగ లేదు, నీళ్లు లేవు. బంగారంలా ఉంది డీజిల్.

"గాలి పట్టలేదు. ఫిల్టర్ దాకా మంచిగ వస్తాంది" అన్నాడు రావు కాస్త నిరాశగా. ఆయన జీపు రోగాలన్నీ ఇక్కడితోనే అయిపోయేవి. "ఇగ నాకు తెల్సింది గింతే. ఇంకెవ్వల్నన్న అడుగు."

కోరుట్ల మెకానిక్ ఫోన్ ఎత్తి, పెళ్లిలో ఉన్నాను, రేపు వస్తానన్నాడు. రేపటిదాకా ఆగితే సమ్మయ్య ఆగడు, శ్రవణ్ అంతకన్నా ఆగడు. రమేశ్ బండి మెట్టు మీద కూలబడ్డాడు. అతని భార్య వర్ష ఇంతవరకూ పసుపు దగ్గరే నిలబడి అంతా చూస్తున్నది. ఇప్పుడు దగ్గరికి వచ్చింది.

"మా తమ్మునికి ఫోన్ చేస్తవా?"

ఆమె తమ్ముడు తిరుపతి మస్కట్‌లోనే ఒక గ్యారేజీలో పనిచేస్తాడు. రమేశ్‌కు ఆ ఆలోచన రాకపోలేదు. బామ్మర్దిని సాయం అడగడమంటే ఏ బావకైనా కొంచెం నామోషీ. కానీ ఇవాళ నామోషీకి తీరిక లేదు. వీడియో కాల్ చేశాడు. తెరమీద తిరుపతి మొహం, వెనక ఎత్తిన కారు, పక్కన ఎవరో మలయాళీ కుర్రాడు కనిపించారు.

"ఏంది బావా, పొద్దుగాల్లనే యాదికచ్చిన్నా?"

"బండి లేస్తలేదురా. సెల్ఫ్ తిరుగుతాంది. డీజిల్ ఫిల్టర్ దాకా వస్తాంది."

తిరుపతి మొహంలో వేళాకోళం పోయింది. పనిమంతుడి మొహం వచ్చింది. "అయితే ఇన్జెక్టర్ల మీదికి సన్న పైపులు పోతయి కదా, ఇంజను నెత్తిమీద. అండ్ల ఒకదాని నట్టు జర వదులు చెయ్యి. అక్కను సెల్ఫ్ కొట్టమను. నట్టు కాడ డీజిల్ చిమ్ముతాందా చూడు. మొఖం దూరం పెట్టు, కండ్లల్ల పడ్తది."

వర్ష స్టీరింగు ముందు కూర్చుంది. రమేశ్ నట్టు వదులు చేశాడు. రావు కళ్లజోడు సర్దుకొని వంగాడు. జనమంతా వంగారు. సెల్ఫ్ కుర్ కుర్ మని తిరిగింది. నట్టు దగ్గర చుక్క డీజిల్ రాలేదు. మళ్లీ కొట్టారు. పొడిగానే ఉంది.

"ఒక్క చుక్క వస్తలేదురా" అన్నాడు రమేశ్.

తిరుపతి నుదురు గోక్కున్నాడు. "ఫిల్టర్ దాకా వస్తాంది, ఇన్జెక్టర్‌కు పోతలేదు. నడిమిట్ల ఉన్నది డీజిల్ నూకే పెద్ద పంపు ఒక్కటే బావా. పంపు పోయినట్టే కొడ్తాంది."

పంపు అంటే విప్పి కరీంనగర్ పంపాలి. అది ఎప్పుడు తిరిగి వస్తుందో, అసలు బాగవుతుందో లేదో ఎవరికీ తెలియదు. సరిగ్గా అప్పుడే ఆ కాల్ మీద ఇంకో కాల్ వచ్చి పడింది. ఏజెంటు శ్రవణ్.

"ఏమాయె రమేశ్? అస్తున్నవా, లేదా? అవతల మంది లైన్‌ల ఉన్నరు."

రమేశ్ బండి వైపు చూశాడు. బొట్లు పెట్టుకొని, పువ్వు పెట్టుకొని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

"అస్త అన్నా" అన్నాడు నెమ్మదిగా. "మధ్యాహ్నానికి పాస్‌పోర్టు పట్టుకొని అస్త."

అంతవరకూ పండగలా ఉన్న వాకిలి ఒక్కసారిగా చిన్నబోయింది. రమేశ్ తల ఎత్తకుండానే, "వర్షా, బీరువల పాస్‌పోర్టున్నది, తియ్యి" అన్నాడు.

వర్ష కదల్లేదు. అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. అవతల తిరుపతి ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"తమ్మీ, పంపు పోయింది అన్నవు కదా. నువ్వు పంపు చూసినవా?"

"బావ చెప్పింది ఇన్న గని, చూడలేదక్కా."

"చూడకుంటనే సచ్చిపోయిందని ఎట్లంటవు? ఇగో, చూడు."

ఆమె కొంగు నడుముకు చెక్కి, బంపరు మీద ఎక్కి, ఫోనును ఇంజనులోకి దించింది. పైన చూపించింది. కింద చూపించింది. చెయ్యి పైపుల సందులోంచి దూర్చి అవతలి పక్క కూడా చూపించింది. మోచేతి దాకా గ్రీజు అంటుకున్నా ఆపలేదు.

"ఆగాగు అక్కా! జర ఎనకకు. గదేంది, పచ్చగ?"

"పసుపు కొమ్ము. అత్తమ్మ కంకణం కట్టింది."

"ఇంజనుకు కంకణమా? సరే, మంచిదే. దేనికి కట్టింది?"

"ఏమో, ఒక చిన్న చెయ్యి లెక్కున్నది ఇనుపది. దాన్ని పక్క పైపుకు గుంజి కట్టింది."

అవతల తిరుపతి మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది, తర్వాత తెరమీద నుంచి మాయమైంది. నవ్వు మాత్రం వినబడుతున్నది. మలయాళీ కుర్రాడు ఏమైందని అడుగుతున్నాడు. తిరుపతి హిందీలో ఏదో చెప్పాడు. ఆ కుర్రాడి నవ్వు కూడా తోడైంది. మస్కట్ గ్యారేజీలో పని కాసేపు ఆగిపోయింది.

"అక్కా, గది స్టాప్ లీవర్! తాళం బంద్ చేసినప్పుడు గా లీవర్ పక్కకు పోతెనే డీజిల్ ఆగుతది, బండి ఆగుతది. మీరు దాన్ని బంద్ కాడనే గుంజి కట్టిన్రు. ఇగ మీరు పొద్దంత సెల్ఫ్ కొట్టినా ఎట్ల లేస్తది? పంపుకు ఏం కాలే. పంపు బంగారం!"

రావు వంగి చూశాడు. ఇందాకటి నుంచి ఆ కంకణాన్ని ఆయన రెండుసార్లు చూశాడు, ఒకసారి దండం కూడా పెట్టాడు. అందరూ చూశారు. దేవుడి పని అని ఎవరూ దాన్ని అనుమానించలేదు. ఇప్పుడు వాకిలి మొత్తం పోశవ్వ వైపు తిరిగింది.

పోశవ్వ ఏమాత్రం జంకకుండా కొడుకు వైపు చూసింది. "అవ్, నేనే కట్టిన. గంత ఇంజనుల గదొక్కటే వదులుగ ఊగుతాంది. ఊడి పడ్తదేమో అనుకున్న. ఎంత గుంజి పట్టుకున్నా మల్ల అటే పోతాంది, నీ లెక్కనే. గందుకే నాలుగు ముళ్లేసి గట్టిగ కట్టిన."

వాకిలంతా నవ్వులు అందుకున్నాయి. రావు బానెట్ పట్టుకొని నవ్వాడు. రమేశ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ప్రాణం మాత్రం లేచి వచ్చింది. పంపు బాగుంది, బండి బాగుంది, ఇంకా పొద్దుంది. అతను ముడి విప్పడానికి చెయ్యి లోపలికి పెట్టాడు.

"ముట్టకు!"

పోశవ్వ ఆ మాట ఎంత గట్టిగా అందంటే, రమేశ్ చెయ్యి ఇంజనులోనే ఆగిపోయింది.

"కంకణం కట్టినంక పని కాకముందు విప్పుతరా? అరిష్టం."

"అవ్వా, పని కావాల్నంటే ముందు బండి లేవాలె కదనే! బండి కోసమే కదా కట్టినవు?"

"బండి కోసమని ఎవ్వలు చెప్పిన్రు?" పోశవ్వ పళ్లెం గద్దె మీద పెట్టింది. "నీ కోసం కట్టిన. నువ్వు మల్ల మస్కట్ దేశం పోవద్దని కట్టిన. నువ్వు పోనంటే పని అయినట్టు. అప్పుడు నేనే విప్పుత."

నవ్వులు ఆగిపోయాయి. రావు మధ్యవర్తిగా గొంతు సవరించుకున్నాడు. "పోశవ్వా, దారం తెంపకుండ జర జరిపి ఇంకోదానికి కడ్దాం."

"నీకు తెల్వంది కాదు దొరా. పెండ్లిల రోకలికి కట్టింది తీసి చాటకు కడ్తరా?"

తడిపి కట్టిన దారం ఆరి ఇనుపతీగలా బిగుసుకుంది. కోస్తే తప్ప రాదు. కోసే ధైర్యం ఆ వాకిట్లో ఎవరికీ లేదు.

"అవ్వా, చెప్పిన కదా. సిరిసిల్ల కిరాయి ఖాయమైతే పోను."

"అయితే, గియితే అన్నది మాట కాదురా. గిన్నేండ్లు గవ్వే ఇన్న. ఇల్లు అయితే అస్త అన్నవు. బోరు పడ్తే అస్త అన్నవు. నాకొక్క మాట చెప్పు. పోతవా, పోవా?"

రమేశ్ వర్ష వైపు చూశాడు, ఆమె ఏమన్నా సాయపడుతుందేమోనని. వర్ష గ్రీజు చెయ్యి చీరకు అంటకుండా ఎత్తి పట్టుకొని పోయి అత్త పక్కన నిలబడింది. నిలబడిన చోటుతోనే ఎవరి పక్షమో తెలిసిపోయింది.

అతనికి భయం వేసింది. ఊళ్లో అందరి ముందూ భయం వేసింది. మస్కట్ అతనికి ఇష్టమని కాదు. ఆ ఒక్క తలుపు ఎప్పుడూ తెరిచి ఉంటుందన్న ధైర్యం మీదే ఇన్నాళ్లూ బతికాడు. సమ్మయ్య కాదంటే, పంట పోతే, బండి పోతే, ఆ తలుపుంది. అవ్వ ఇప్పుడు దాన్నే మూసెయ్యమంటున్నది. ఇవతల తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియక ముందే మూసెయ్యమంటున్నది. ఇంతకన్నా అన్యాయం ఉందా అనిపించింది. అనిపించినా తల్లి మొహం చూస్తే కోపం రాలేదు. ఆ ముసలి మొహంలో మొండితనం వెనక ఎంత బెంగ ఉందో మొదటిసారి కనిపించింది.

వర్ష చేతిలోని ఫోను తీసుకొని, తిరుపతిని లైన్లోనే ఉంచి శ్రవణ్‌కు కలిపాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"అన్నా, నేను రమేశ్‌ను. నేను రాను. పాస్‌పోర్టు ఇయ్య. మా అవ్వ పోవద్దంటాంది. నేను పోను."

"ఇందాకనే అస్త అంటివి కదా..." అంటున్న శ్రవణ్ గొంతును అతనే కట్ చేశాడు.

పోశవ్వ కొంగుతో కళ్లు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. కొడుకు మనసు మార్చుకుంటాడేమో అన్నంత తొందరగా చూరులోని కొడవలి లాక్కొని బండి దగ్గరికి వచ్చింది. చెయ్యి లోపలికి పెట్టి, కొడవలి మొనతో ముళ్లు ఒక్కొక్కటే తెంపింది. ఆఖరి ముడి తెగగానే లీవర్ టక్కున తన చోటికి పోయింది. రమేశ్ నట్టు బిగించాడు, ఎక్కి తాళం తిప్పాడు. కుర్ కుర్ మని రెండు చుట్లు తిరిగి, ఒకసారి దగ్గి, ఇంజను దడదడమని లేచింది. నల్లటి పొగ మదన్ మోహన్ రావు తెల్ల చొక్కా మీదుగా పోయింది. ఆయన దగ్గుతూనే చప్పట్లు కొట్టాడు. ఫోనులో తిరుపతి ఈలలు వేస్తున్నాడు. కళ్యాణి పసుపు రాశి చుట్టూ గంతులు వేసింది.

కథలాపూర్, రుద్రంగి దాటి, వేములవాడ మీదుగా రమేశ్ బండిని ఉరికించాడు. ఎంత ఉరికించినా సిరిసిల్ల చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. సమ్మయ్య షెడ్డు దగ్గర మగ్గాల మోతలో మాట వినబడదు. బయట ఒక ట్రాలీ ఆటో నిండా బేళ్లు ఎక్కించుకొని అప్పుడే కదులుతున్నది.

సమ్మయ్య అరవై దాటిన మనిషి, జేబు నిండా చీటీలు, చెవిలో పెన్సిలు. రమేశ్‌ను పైనుంచి కిందికి చూశాడు.

"కోరుట్ల లోడ్ పోయింది తమ్మీ. పొద్దుగాల్ల రమ్మన్న, నువ్వు పొద్దు నెత్తి దాటినంక వస్తివి."

"బండి మొరాయించింది సేటూ. గిప్పుడు మంచిగైంది."

"ఖరాబైందంటే నేనేమన్న. బండ్లు ఖరాబైతయి. మగ్గాలు ఖరాబైతలేవా?" సమ్మయ్య ఇంకా దగ్గరికి జరిగాడు. "నా పరేషానది కాదు. నువ్వు దేశం నుంచి అచ్చిన మనిషివి కదా. పోయినేడు మీ దిక్కు ఆయనే ఒకడు బండి పెట్టిండు. మంచోడే. సీజన్ నడిమిట్ల వీసా అచ్చింది, ఫోన్ బంద్ చేసుకొని ఎల్లిపోయిండు. నా సరుకు గీడ, దుకాణపోళ్లు గాడ. గందుకే మీ అసొంటోళ్లకు వారం వారం పని ఇయ్యాల్నంటే బుగులైతది. ఏమనుకోకు."

రమేశ్‌కు ఏమనుకోవాలో తెలియలేదు. రెండు తలుపులూ మూసుకున్నాయి అనిపించింది. అంతలో జేబులో ఫోను మోగింది. మళ్లీ శ్రవణ్. మగ్గాల మోతలో వినబడక స్పీకర్ పెట్టాల్సి వచ్చింది.

"రమేశ్, కట్ చెయ్యకు, ఇను. కంపెనీతోని మాట్లాడిన. ఈపారి డ్రైవర్‌గ కాదు, సూపర్‌వైజర్‌గ తీసుకుంటరట. ఏసీ రూముల కూసుండుడే. పొద్దుగాల్ల మీ అవ్వ పక్కకున్నది, గట్లన్నవు. గిప్పుడు ఎవ్వలు లేరు కదా. నిమ్మలంగ ఆలోచించి చెప్పు."

ఏసీ గది. రమేశ్ నిజంగానే ఆలోచించాడు. చెమట కారుతున్న మెడ మీద చల్లగాలి తగిలినట్టు కూడా అనిపించింది. ఎవరూ పట్టుకొని లేరు. పోశవ్వ లేదు, వర్ష లేదు, ఊరు లేదు. పనిస్తానన్న మనిషి కూడా ఇప్పుడే ఇవ్వనన్నాడు. ఊఁ అంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు. పొద్దున తాను అన్నది బలవంతం మీద అన్న మాటేనా అని తనను తానే అడిగి చూసుకున్నాడు. ఆశ్చర్యం, కాదనిపించింది. ఆ మాట అన్నప్పటి నుంచి, ఇంత దూరం బండి నడిపినంతసేపూ, తన ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో అప్పుడు గుర్తొచ్చింది.

"లేదన్నా" అన్నాడు. "పొద్దుగాల్ల మా అవ్వ అనిపిచ్చింది. గిప్పుడు నేనంటున్న. నేను పోను. గా వీసా ఎవ్వలకన్న అక్కరున్నోళ్లకు ఇయ్యి."

ఫోను జేబులో పెట్టుకొని తల ఎత్తితే, సమ్మయ్య చెవిలోని పెన్సిలు తీసి చేతిలో పట్టుకొని తననే చూస్తున్నాడు.

"ఏజెంటా?"

"అవ్ సేటూ."

"సూపర్‌వైజర్ నౌకరి ఒద్దన్నవా? నేను పని ఇయ్య అన్నంక గూడ?"

"అవ్. మీరియ్యకుంటే ఇంకొకలను అడుగుత. వచ్చే వారం మల్ల మిమ్ముల్నే అడుగుత. ఏడికి పోను, గీన్నే ఉంట కదా."

సమ్మయ్య పెన్సిలు మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు. షెడ్డులోకి తిరిగి కేకేశాడు. "ఒరేయ్, రేపటి జగిత్యాల బేళ్లు బయటికి తియ్యిండ్రి. గీ బండికి ఎక్కియ్యిండ్రి!" తర్వాత రమేశ్ వైపు తిరిగి, "ఒక నెల నడుపు. పని చూసి వారం వారం సంగతి చెప్త" అన్నాడు.

బేళ్లు ఒక్కొక్కటే వెనక డాలాలో పడుతుంటే ముసలి పికప్ మూలుగుతూ కిందికి దిగింది. రమేశ్ మగ్గాల మోతకు దూరంగా పోయి ఇంటికి ఫోన్ చేశాడు. వర్ష ఒక్క రింగుకే ఎత్తింది.

"ఖాయమైందా?"

"జగిత్యాల లోడ్ ఎక్కుతాంది. మిగిలింది నెల చూసి చెప్త అన్నడు."

"అంటే ఇంక ఖాయం కాలేదా?" అంది వర్ష.

"కిరాయి సగమే ఖాయమైంది" అన్నాడు రమేశ్. "నేనైతే మొత్తం ఖాయమైన."

అటువైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు, దాని వెనకే నవ్వు వినిపించాయి.